రెటీనా మామూలుగానే ఉందన్న తర్వాత

చూపు ఆనని పసిబిడ్డ కంటిలోకి వెలుగు వేసి చూస్తే, చాలాసార్లు అక్కడ చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించదు. రెటీనా రంగు సరిగానే ఉంటుంది, రక్తనాళాలు సరిగానే ఉంటాయి, దృష్టినాడి మొదలయ్యే చోటు కూడా ఆరోగ్యంగానే ఉంటుంది. అలాంటప్పుడు "రెటీనా మామూలుగానే ఉంది" అని కాగితం మీద రాయడం అబద్ధమేమీ కాదు. అయితే ఆ వాక్యాన్ని తల్లిదండ్రులు, ఒక్కోసారి తోటి వైద్యులు కూడా, "రెటీనాలో జబ్బు లేదు" అన్న అర్థంలో తీసుకుంటారు. వారసత్వంగా వచ్చే రెటీనా వ్యాధులను పిల్లల్లో గుర్తించడం ఆలస్యమయ్యేది ఎక్కువగా ఇక్కడే. పిల్లల రెటీనా పరీక్షలే నా రోజువారీ పని కాబట్టి, ఆ వాక్యం రాసిన తర్వాత అసలు ఏం చేయాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

పెద్దవారి జబ్బులకు అలవాటుపడిన కన్ను పిల్లల దగ్గర తడబడటానికి కారణం ఉంది. రెటినైటిస్ పిగ్మెంటోసాతో నడివయసులో వచ్చే మనిషి రెటీనాలో ఎన్నో ఏళ్లుగా కణాలు నశించిన ఆనవాళ్లు పేరుకుని ఉంటాయి. అంచుల్లో చెదిరిన నల్లని మచ్చలు, సన్నబడిన రక్తనాళాలు, మైనంలా పాలిపోయిన దృష్టినాడి చూడగానే తెలిసిపోతాయి. నెలల బిడ్డలో ఆ ఆనవాళ్లు ఏర్పడేంత కాలమే గడవలేదు. పైగా కొన్ని జబ్బుల్లో కణాలు ఉన్నచోటే ఉంటాయి, పని మాత్రం చేయవు. రంగులు బొత్తిగా తెలియని అక్రొమటాప్సియాలో, పగటి చూపునూ రంగులనూ చూసుకునే కోన్ కణాలు తొలి ఏళ్లలో చాలావరకు తమ స్థానంలోనే ఉంటాయి, కానీ వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే గొలుసులో ఒక ప్రొటీన్ లోపిస్తుంది. పుట్టుకతో వచ్చి పెరగకుండా నిలిచి ఉండే రేచీకటిలో చాలా రకాల్లో కాంతిగ్రాహక కణాలు తమ పని తాము చేస్తాయి, ఆ సంకేతాన్ని తర్వాతి వరుసలోని బైపోలార్ కణాలు అందుకోలేవు. నడుస్తున్న యంత్రాన్నీ ఆగిపోయిన యంత్రాన్నీ ఫొటో తీస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంటిలోకి తొంగిచూడటంతోనే పరీక్షను ముగించేస్తే మనం చేసేదీ అంతే.

అందువల్ల నా దృష్టిలో మొదటి పరీక్ష తల్లిదండ్రులతో మాట్లాడటమే, దానికి కేటాయించే సమయం మిగతా ఏ పరీక్షకైనా తక్కువ కాకూడదు. మనిషి రెటీనాలో మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు, కోన్ కణాలు సుమారు 60 లక్షలు ఉంటాయి. బిడ్డకు కష్టం చీకట్లోనా, ఎండలోనా అన్న ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరికితే, దెబ్బతిన్నది వీటిలో ఏ జట్టో సగం తెలిసినట్టే. కానీ "మీ పాపకు రాత్రిపూట సరిగా కనపడుతుందా?" అని సూటిగా అడిగితే వచ్చే జవాబు చాలాసార్లు పనికిరాదు, ఎందుకంటే పాప ఏం చూస్తోందో తల్లికి తెలిసే వీలు లేదు. పాప ఏం చేస్తోందో మాత్రం ఆమెకు ఎవరికంటే బాగా తెలుసు. "దీపం ఆర్పేస్తే ఉన్నచోటు నుంచి కదలదండీ, నా చీర పట్టుకుని నిలబడిపోతుంది" అన్న తల్లి మాట రాడ్ కణాల వైపు చూపిస్తుంది. "బయటికి తీసుకెళ్తే కళ్లు తెరవడు, తలుపులు మూసిన గదిలో మాత్రం హాయిగా ఆడుకుంటాడు" అన్న మాట కోన్ కణాల వైపు చూపిస్తుంది. వెలుగుతున్న బల్బు వైపు గంటల తరబడి చూస్తూ కూర్చునే బిడ్డ గురించి విన్నప్పుడు, రాడ్ కణాలు తీవ్రంగా దెబ్బతిన్న ఒక జన్యు లోపం నా మనసులో మెదులుతుంది, దాని సంగతి తర్వాత చెబుతాను. బిడ్డ తనంతట తాను ఫిర్యాదు చేయడన్నది ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. పుట్టినప్పటి నుంచి అలాగే చూస్తున్నవారికి ఇంకో రకం చూపు ఉంటుందని తెలియదు.

బిడ్డను తాకకముందే దూరం నుంచి గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. కనుగుడ్లు నిలకడ లేకుండా అల్లాడటాన్ని నిస్టాగ్మస్ అంటారు. ఆ కదలిక ఏ తీరులో ఉందో చూడాలి. దేని మీదా నిలవకుండా నెమ్మదిగా తిరుగాడే కళ్లు చూపు చాలా తక్కువని చెబుతాయి, చిన్నగా వేగంగా వణికే కళ్లు అక్రొమటాప్సియా వంటి వాటిలో ఎక్కువగా కనిపిస్తాయి. 1869లో థియొడోర్ లేబర్ వర్ణించిన, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్న, పుట్టుక నుంచే చూపు బాగా తక్కువగా ఉండే లేబర్ కంజెనిటల్ అమరోసిస్ ఉన్న పిల్లలు వేలి కణుపులతో, పిడికిలితో కళ్లను గట్టిగా నొక్కుకుంటూ ఉంటారు. వెలుగు లోపలికి చేరని కంటిలో ఒత్తిడి వల్ల మెరుపులు పుడతాయి కాబట్టి అలా చేస్తారని భావిస్తారు. నిద్ర వచ్చి కళ్లు నులుముకోవడానికీ దీనికీ ఉన్న తేడా ఒకసారి చూస్తే మరిచిపోలేము. ఆ నొక్కుడులో ఒక పట్టుదల ఉంటుంది, బిడ్డ తల దించుకుని, చేతిని తీసేస్తే విసుక్కుని, మళ్లీ అదే చోటికి చేర్చుకుంటుంది. గదిలో దీపాలు ఆర్పగానే మామూలు కంటిపాప పెద్దదవుతుంది. కొందరు పిల్లల్లో మాత్రం అది మొదట కాసేపు చిన్నదై, ఆ తర్వాతే విచ్చుకుంటుంది. రేచీకటిలోనూ అక్రొమటాప్సియాలోనూ కనిపించే ఈ తిరకాసుకు కావలసిన పరికరం ఒక చిన్న టార్చి మాత్రమే. కళ్లద్దాల నంబరు కూడా ఆధారమే. లేబర్ జబ్బులో ప్లస్ నంబరు ఎక్కువగా ఉండటం, పుట్టుకతో వచ్చే రేచీకటిలో చిన్న వయసులోనే పెద్ద మైనస్ నంబరు ఉండటం తరచుగా చూస్తాము.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి నిర్మొహమాటంగా చెప్పాలి. "పుట్టుకతో వచ్చిన నిస్టాగ్మస్" అని రాసి ఫైలు మూసేయడం నాకు నచ్చదు. అది కంటికి కనిపించే ఒక లక్షణం, జబ్బు పేరు కాదు. కారణం లేని నిస్టాగ్మస్ లేదని నా ఉద్దేశం కాదు. ఆ మాట అనే ముందు రెటీనా పనితీరును కొలిచి ఉండాలి, రెటీనా నడిమధ్య స్పష్టమైన చూపునిచ్చే ఫోవియా సరిగా ఏర్పడిందో లేదో చూసి ఉండాలి, కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర గుండా వెలుగు బయటికి వస్తోందేమో, అంటే రంగు పదార్థం లోపించే ఆల్బినిజం ఉందేమో పరిశీలించి ఉండాలి. రెండు కళ్లలో కదలిక ఒకేలా లేకపోయినా, దానికి తల ఊపడం తోడైనా మెదడు స్కానింగ్ తప్పనిసరి, ఎందుకంటే దృష్టినాడి మార్గంలో పెరిగే కణితి అలాగే మొదలవవచ్చు. అలాంటి పిల్లల్లో స్కానింగ్ శుభ్రంగా వస్తే అక్కడితో ఆగిపోవడం మాత్రం తొందరపాటే, కొన్ని రెటీనా జబ్బులు కూడా సరిగ్గా ఆ వేషంలోనే వస్తాయి. దీనికి వ్యతిరేక దిశలో కూడా పొరపడవచ్చు. చూపు నెమ్మదిగా పరిపక్వం చెందే కొందరు శిశువులు మొదటి నెలల్లో దేన్నీ చూడనట్టే ఉండి, తర్వాత వారంతట వారే చూడటం మొదలుపెడతారు. వారి రెటీనా మొదటి నుంచీ చక్కగా పనిచేస్తూ ఉంటుంది, ఆ సంగతి ముందే తేలితే ఆ ఇంట్లో కొన్ని నెలల భయం తప్పుతుంది.

పనితీరును కొలిచే ఆ పరీక్ష పేరు ఎలక్ట్రోరెటినోగ్రామ్, వాడుకలో ఈఆర్‌జీ. వెలుగు పడినప్పుడు కంటిలో విద్యుత్తు మారుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు హోమ్‌గ్రెన్ 1865లోనే గమనించారు. దాన్ని రోగుల మీద పనికివచ్చే పరీక్షగా 1945లో మరో స్వీడన్ వైద్యుడు కార్పే నిలబెట్టారు. పెద్దవారికి ఇది విసుగు పుట్టించే పరీక్ష, పిల్లలతో అదొక చిన్న యుద్ధం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ముందు 20 నిమిషాలు చీకట్లో కూర్చోవాలి. నడక వచ్చిన పిల్లవాణ్ని ఆ సేపు తల్లి ఒళ్లో ఉంచడానికి కథలు, పాటలు, సీసాలో పాలు అన్నీ అవసరమవుతాయి. మసక ఎరుపు దీపం వెలుతురులో కింది రెప్ప అంచున చర్మాన్ని శుభ్రం చేసి, బిళ్లలాంటి ఎలక్ట్రోడును అంటిస్తాము. చంటిబిడ్డ చెయ్యి వెంటనే దాని మీదికే పోతుంది కాబట్టి, ఆ చేతిని సున్నితంగా పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. "ఇటు చూడు నాన్నా, ఇదిగో, మెరుపు వస్తుంది చూడు" అంటూ ఒకరు మాట్లాడుతూనే ఉండాలి. మొదట కంటికి ఆనీ ఆననంత మసక మెరుపు, తర్వాత గట్టి మెరుపు, ఆపైన 10 నిమిషాలు వెలుతురుకు అలవాటు పడ్డాక మళ్లీ మెరుపు, చివర సెకనుకు 30 సార్లు కొట్టుకునే వెలుగు. మసక మెరుపుకు వచ్చే జవాబు రాడ్ కణాల మార్గానిది, వేగంగా కొట్టుకునే వెలుగుకు వచ్చే జవాబు కోన్ కణాలది. ఈ రెండింటిలో ఏది ఉంది, ఏది లేదు అన్నదే ఆ రోజు మనం తెలుసుకోవలసినది.

లేబర్ జబ్బులో రెండు జవాబులూ దాదాపు గీతలా చదునైపోతాయి. అక్రొమటాప్సియాలో రాడ్ జవాబు చక్కగా ఉండి, కొట్టుకునే వెలుగుకు మాత్రం ఏమీ రాదు. ఏడాది లోపు పిల్లల్లో ఈఆర్‌జీ గీతలోని అలల ఎత్తు సహజంగానే తక్కువ, అది వయసుతో పెరుగుతుంది. పెద్దవారి కొలతలతో పోల్చి "తగ్గింది" అని రాయడం ఎంత అన్యాయమో, ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పేయడం కూడా అంతే అన్యాయం. అనుమానం ఉంటే కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయాలి. మత్తు ఇచ్చి చేస్తే బిడ్డ కదలకుండా ఉంటుంది కానీ, మత్తుమందులు అలల ఆకారాన్ని కొంత మారుస్తాయి. చేతిలో పట్టుకుని చేసే చిన్న యంత్రాలు వచ్చాక, చాలామంది శిశువులకు మత్తు లేకుండానే పని జరుగుతోంది. ఆ యంత్రాలిచ్చే వివరం కొంత తక్కువే అయినా, "రెటీనా పనిచేస్తోందా లేదా" అన్న మొదటి ప్రశ్నకు చాలు.

అలల ఆకారం గురించి ఒక మాట. గట్టి మెరుపు వేయగానే మొదట కిందికి దిగే అల కాంతిగ్రాహక కణాలది, వెంటనే పైకి లేచే అల ప్రధానంగా బైపోలార్ కణాలది. కొందరు పిల్లల్లో కిందికి దిగిన అల బాగానే ఉండి, పైకి లేవవలసినది లేవదు. దీన్ని నెగెటివ్ ఈఆర్‌జీ అంటారు. పుట్టుకతో వచ్చి పెరగకుండా నిలిచిపోయే రేచీకటిలో ఇది కనిపిస్తుంది, ఆ కుటుంబానికి "ఇది ముదరదు" అని ధైర్యంగా చెప్పవచ్చు. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా మగపిల్లలకు వచ్చే, రెటీనా పొరలు విడిపోయే రెటినోస్కైసిస్‌లో కూడా ఇలాగే ఉంటుంది. అక్కడ రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే ఓసీటీ స్కానులో మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, పొరల మధ్య చిన్న చిన్న నీటి గదులు కనిపిస్తాయి, కొందరిలో డోర్జొలమైడ్ వంటి చుక్కలతో అవి తగ్గుతాయి. ఇక మూడోది సీఎల్ఎన్3 అనే జన్యు లోపంతో వచ్చే బాటెన్ వ్యాధి. బడికి వెళ్లే వయసులో చూపు వేగంగా పడిపోవడంతో మొదలై, ఆ తర్వాతి ఏళ్లలో మూర్ఛలు, నేర్చుకున్నవి మరిచిపోవడం, నడక కోల్పోవడం వరకు వెళ్లే ఈ జబ్బును మొదట చూసేది చాలాసార్లు కంటి వైద్యుడే. ఒకే రకమైన గీత వెనుక మూడు పూర్తిగా వేరు వేరు భవిష్యత్తులు ఉన్నాయన్నమాట. బాటెన్ వ్యాధి అనుమానం వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు చేయదగినది మామూలు రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, సూక్ష్మదర్శినిలో లింఫోసైట్ అనే తెల్లరక్త కణాల్లో బుడగల్లాంటి ఖాళీలు ఉన్నాయేమో చూడటం. జన్యు పరీక్ష ఫలితం వచ్చేలోపే అది దారి చూపించగలదు.

ఈఆర్‌జీకి తన హద్దులు తనకున్నాయి. అది రెటీనా మొత్తం ఇచ్చే జవాబును కలిపి కొలుస్తుంది, కాబట్టి చూపుకు కీలకమైన మధ్యభాగం ఒక్కటే దెబ్బతింటే ఆ గీత మామూలుగానే రావచ్చు. 1909లో కార్ల్ స్టార్‌గార్ట్ వర్ణించిన జబ్బు దీనికి చక్కని ఉదాహరణ. ఏబీసీఏ4 అనే జన్యువు దీనికి మూలమని 1997లో తేలింది. బడి పిల్లల్లో బోర్డు కనిపించకపోవడంతో మొదలవుతుంది, కళ్లద్దాలు మార్చినా ఫలితం ఉండదు, తొలి దశలో రెటీనాలో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు ఆ బిడ్డకు చాలాసార్లు దక్కే బిరుదు "నటిస్తోంది" అన్నది. పరీక్షలంటే భయమనీ, చదవడం ఇష్టం లేదనీ, చెల్లెలు పుట్టాక ఇలా తయారైందనీ పెద్దలు తలా ఒక కారణం చెబుతారు. ఓసీటీలో మాక్యులా మధ్య కాంతిగ్రాహక కణాల గీత చెదిరి ఉండటం, ఆటోఫ్లోరెసెన్స్ అనే ప్రత్యేకమైన ఫొటోలో మెరిసే చుక్కలూ నడిమధ్య నల్లని మచ్చా కనిపించడం ఆ వాదనకు తెర దించుతాయి. కంటికి కనిపించని జబ్బును మానసికమని చెప్పేముందు ఈ రెండు ఫొటోలు తీసి తీరాలన్నది నేను ఎక్కడా సడలించని నియమం. ఇంకో ఆచరణాత్మకమైన విషయమేమిటంటే, ఈ జబ్బులో విటమిన్ ఏ మాత్రలు మేలు చేయకపోగా, రెటీనాలో పేరుకునే విషపదార్థాన్ని పెంచే ప్రమాదం ఉంది. "కళ్లకు మంచిది" అని ఎవరో చెప్పారని వాడుతున్న మాత్రలను ఆపించడానికి కూడా జబ్బు పేరు తెలియడం అవసరం. మాక్యులాను దెబ్బతీసే మరో వారసత్వ జబ్బు, బెస్ట్ వ్యాధిలోనూ ఈఆర్‌జీ మామూలుగానే ఉంటుంది, దాని లోపం బయటపడేది ఈఓజీ అనే మరో పరీక్షలో.

కంటి దగ్గరే ఆగిపోతే తప్పిపోయే జబ్బుల సంగతి నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది. రెటీనా కాంతిగ్రాహక కణాలు నిజానికి మార్పు చెందిన సిలియా (కణం మీది సన్నని వెంట్రుకలాంటి భాగం) ఉన్న కణాలు, అదే సిలియా మూత్రపిండాల్లో, లోపలి చెవిలో, మెదడులో కూడా ఉంటుంది. అందుకే చూపు తక్కువైన బిడ్డ చేతులూ కాళ్లూ చూస్తాను. పుట్టినప్పుడు ఆరో వేలు ఉంటే దాన్ని తీసేయించి కుటుంబం మరిచిపోయి ఉండవచ్చు. చిటికెన వేలి పక్కన చిన్న మచ్చ కనిపించి, అడిగితే "అవునండీ, పురిట్లోనే దారం కట్టి తీసేశారు" అన్న జవాబు వస్తుంది. దానికి బరువు పెరగడం, చదువులో వెనుకబడటం తోడైతే బార్డెట్-బీడిల్ సిండ్రోమ్ అని అనుమానించి మూత్రపిండాలను పరీక్షించాలి. పుట్టు చెవుడుతో, ఆలస్యంగా నడక నేర్చిన బిడ్డలో అషర్ సిండ్రోమ్ మొదటి రకం ఉండే అవకాశం ఉంది. నడక ఆలస్యం కావడానికి కారణం శరీర సమతుల్యాన్ని చూసుకునే లోపలి చెవి భాగం పనిచేయకపోవడం. ఆ బిడ్డకు చూపు ముందు ముందు తగ్గుతుందని తెలిస్తే, వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ విషయంలో తాత్సారం చేయరు, సైగల భాష ఒక్కదాని మీదే ఆధారపడరు. శైశవంలో ఎండ భరించలేక, కళ్లు అల్లాడుతూ అచ్చంగా అక్రొమటాప్సియాలా కనిపించే ఆల్‌స్ట్రోమ్ సిండ్రోమ్‌లో గుండె కండరం బలహీనపడే ప్రమాదం ఉంది. లేబర్ జబ్బు ఉండి జన్యువు తేలని ప్రతి బిడ్డకూ మూత్రపిండాల పనితీరును కొంతకాలానికొకసారి చూడాలి, ఎందుకంటే ఆ జన్యువుల్లో కొన్ని కౌమారంలోగా మూత్రపిండాలను పాడుచేస్తాయి.

చికిత్సకు లొంగేవి కూడా వీటి మధ్యలోనే దాక్కుని ఉంటాయి. కొవ్వు జీర్ణం కాక, జిడ్డుగా విరేచనాలయ్యే బిడ్డలో అబీటాలైపోప్రొటీనిమియా ఉంటే, విటమిన్ ఈ, ఏలను సరైన మోతాదులో తొలినాళ్ల నుంచే ఇచ్చి రెటీనానూ నరాలనూ చాలావరకు కాపాడుకోవచ్చు. రెఫ్సమ్ వ్యాధిలో ఒంట్లో పేరుకునే ఫైటానిక్ ఆమ్లం తగ్గించే ఆహారం, గైరేట్ అట్రోఫీలో రక్తంలోని ఆర్నిథిన్‌ను తగ్గించే ఆహార నియమం, కొందరిలో విటమిన్ బీ6 పనిచేస్తాయి. విటమిన్ ఏ లోపం వల్ల వచ్చే రేచీకటి వారసత్వ జబ్బును అచ్చుగుద్దినట్టు పోలి ఉంటుంది, భర్తీ చేస్తే చూపు తిరిగివస్తుంది. ఇవన్నీ అరుదైనవే. అయినా ఒక రక్తపరీక్షతో తేలిపోయేదాన్ని అరుదైనదన్న కారణంతో వదిలేయడం నాకు సబబుగా తోచదు.

బిడ్డతో వచ్చిన తల్లి కంటిని కూడా పరీక్షించమని కొత్తగా చేరిన వైద్యులకు చెబితే, మొదట ఆశ్చర్యపోతారు. ఆమెకు చూపు ఏ లోపమూ లేకుండా ఉండవచ్చు. కానీ ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే రెటినైటిస్ పిగ్మెంటోసాను మోసే స్త్రీల ఆటోఫ్లోరెసెన్స్ ఫొటోలో, మాక్యులా చుట్టూ కిరణాల్లా విచ్చుకున్న వెలుగు చారలు కనిపిస్తాయి. స్త్రీలలో ప్రతి కణమూ రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది కాబట్టి, మంచి జన్యువు పనిచేసే కణాల గుంపులూ లోపమున్న జన్యువు పనిచేసే గుంపులూ పక్కపక్కన పెరిగిన గుర్తు అది. ఆ ఒక్క ఫొటోతో వారసత్వ రీతి తేలిపోతుంది, ఏ జన్యువును గట్టిగా వెతకాలో తెలుస్తుంది, ఆమె అక్కచెల్లెళ్లకు ఏం చెప్పాలో కూడా తెలుస్తుంది. ఈ మాట చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. "జబ్బు తల్లి నుంచి వచ్చింది" అన్న వాక్యం గది దాటి బయటికి వెళ్లేసరికి నిందగా మారుతుంది. ప్రతి మనిషిలోనూ ఇలాంటి లోపమున్న జన్యువులు కొన్ని ఉంటాయనీ, అవి ఎవరి చేతుల్లోనూ లేవనీ ఆ ఫొటో చూపించకముందే చెప్పడం నాకు అలవాటు, వీలైతే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టుకునే చెబుతాను.

జన్యు పరీక్ష ఈ దారిలో చివరి మెట్టని చాలామంది అనుకుంటారు. రెటినైటిస్ పిగ్మెంటోసాకు మొదటి జన్యు కారణం, రొడాప్సిన్ లోపం, 1990లో బయటపడింది. ఇప్పుడు రెటీనా వ్యాధులకు మూలమైన జన్యువులు 250 పైచిలుకు తెలుసు, ఒక్క లేబర్ జబ్బుకే 20కి పైగా ఉన్నాయి. రక్తం పంపితే జవాబు వచ్చేస్తుందన్న నమ్మకానికి ఇదే కారణం. ప్రయోగశాల నిజానికి ఇచ్చేది డీఎన్ఏ అక్షరాల్లో తేడాల జాబితా. వాటిని 2015 నాటి అమెరికా జన్యువైద్యుల మార్గదర్శకాల ప్రకారం హానికరం నుంచి నిరపాయం వరకు ఐదు తరగతులుగా విభజిస్తారు. మధ్య తరగతి "ప్రాముఖ్యం తేలనిది". ఆ తరగతిలోని తేడాను పట్టుకుని ఇదే మీ బిడ్డ జబ్బు అని చెప్పడం తప్పు, తోసిపుచ్చడం కూడా తప్పే. అక్కడ మళ్లీ ఈఆర్‌జీ గీత దగ్గరికే వెళ్లాలి. కోన్ కణాలు మాత్రమే పనిచేయని బిడ్డలో, అక్రొమటాప్సియాకు మూలమైన సీఎన్‌జీబీ3 జన్యువులో తేడా కనిపిస్తే దానికి బలం ఉంది. అదే తేడా, రాడ్ కణాలు మొదట చచ్చిపోయిన బిడ్డలో కనిపిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. అంతర్గత వారసత్వం ఉన్న, అంటే జన్యువు రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బులో రెండు లోపాలు దొరికినప్పుడు, అవి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చాయో, లేక రెండూ ఒకే ప్రతిలో ఉన్నాయో తేల్చడానికి తల్లిదండ్రుల రక్తం కూడా కావాలి. రెండూ ఒకే ప్రతిలో ఉంటే రెండో ప్రతి బాగున్నట్టే, అప్పుడు కారణం ఇంకెక్కడో వెతకాలి.

ఏమీ దొరకలేదన్న నివేదికను కూడా అలాగే అనుమానించాలి. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఆర్‌పీజీఆర్ జన్యువులో ఒకే రకమైన అక్షరాలు పదే పదే వచ్చే ఒక భాగం ఉంది, అక్కడే లోపాలు ఎక్కువ, సాధారణ పద్ధతుల్లో సరిగా చదవడం కష్టమైనదీ అదే. లేబర్ జబ్బుకు మూలమైన సీఈపీ290 జన్యువులో తరచుగా కనిపించే ఒక లోపం, ప్రొటీన్‌కు సంకేతం ఇవ్వని భాగంలో లోతుగా ఉంటుంది, ప్రొటీన్‌కు సంకేతమిచ్చే భాగాలనే చదివే ఎక్సోమ్ పరీక్ష అక్కడికి చేరదు. ఏ పరీక్ష చేశారు, ఏ భాగాలు చదవగలిగారు అన్నది నివేదిక చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొదటి పేజీ కంటే ముందు నేను చదివేది ఆ పేజీలే.

ఈ శ్రమంతా దేనికని అడిగే తల్లిదండ్రులు ఉంటారు, అడగడం న్యాయమే. వెలుగు వైపే చూస్తూ కూర్చునే బిడ్డల గురించి ముందు చెప్పాను. వారిలో కొందరికి ఆర్‌పీఈ65 జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉంటుంది. విటమిన్ ఏ నుంచి తయారయ్యే దృష్టి వర్ణకాన్ని మళ్లీ మళ్లీ సిద్ధం చేసే ఎంజైము అది. అది లేని కంటిలో ఆటోఫ్లోరెసెన్స్ వెలుగు దాదాపు కనిపించదు, చూపు చాలా తక్కువగా ఉన్నా ఓసీటీలో పొరలు చాలావరకు నిలిచే ఉంటాయి. ఆ జన్యువు సరైన ప్రతిని రెటీనా కిందికి సూదితో చేర్చే చికిత్స, లక్స్‌టర్నాకు అమెరికాలో 2017 డిసెంబరులో ఆమోదం లభించింది. దానికి రెండు షరతులు ఉన్నాయి, రెండు ప్రతుల్లోనూ లోపం రుజువు కావాలి, రెటీనాలో బతికి ఉన్న కణాలు తగినన్ని మిగిలి ఉండాలి. రెండో షరతు ప్రతి ఏడూ కొంచెం కొంచెం చేజారుతుంది. మిగతా జన్యువుల్లో ఎక్కువ వాటికి నేడు అలాంటి ఆమోదిత చికిత్స లేదని తల్లిదండ్రులకు ముందే స్పష్టంగా చెబుతాను, ఆశ పెట్టి పరీక్ష చేయించడం నాకు ఇష్టం ఉండదు. తర్వాతి కాన్పులో అదే జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటా, మగబిడ్డకైతే సగమా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికైనా జన్యువు తెలియాలి.

ఇంట్లో ఉన్న, ఏ ఇబ్బందీ లేని తమ్ముడికి కూడా పరీక్ష చేయమని చాలామంది కోరతారు. కంటిని చూడటానికి, ఈఆర్‌జీ చేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేని, ఎప్పుడో మొదలయ్యే జబ్బు కోసం అతని జన్యువులను చదవడం విషయంలో మాత్రం తొందరపడను. ఆ సంగతి తెలుసుకోవాలా వద్దా అన్నది పెద్దయ్యాక అతను తేల్చుకోవలసిన విషయం. చికిత్స ఉన్న జన్యువైతే లెక్క వేరు, అప్పుడు వెంటనే చేయాలి.

పేరు తేలేవరకు ఆగవలసిన అవసరం లేని పనులు చాలా ఉన్నాయి. సరైన కళ్లద్దాలు, ఎండ భరించలేని పిల్లలకు ముదురు ఎరుపు అద్దాలు, బడిలో ముందు వరుస, పెద్ద అక్షరాల పుస్తకాలు, అవసరమైన చోట బ్రెయిలీ మొదటి సంప్రదింపు రోజే మొదలుపెట్టవచ్చు. జన్యువు తేలని పిల్లల కుటుంబాలకు నేనిచ్చే కాగితంలో ఇంకో రెండు విషయాలు ఉంటాయి. ఈఆర్‌జీ గీతల అసలు ప్రతులూ జన్యు పరీక్ష పూర్తి డేటా ఫైలూ తమ దగ్గర ఉంచుకోవాలి, రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి ఆ డేటాను మళ్లీ విశ్లేషించమని అడగాలి. అప్పట్లో ప్రాముఖ్యం తేలని తేడా ఈలోగా హానికరమని రుజువై ఉండవచ్చు, అప్పటికి తెలియని జన్యువు జాబితాలో చేరి ఉండవచ్చు. ప్రయోగశాలలు తమంతట తాము పాత నివేదికలను తిరగేసి కబురు పెట్టడం అరుదు, కాబట్టి అడిగే బాధ్యత కుటుంబానిదీ వారిని చూస్తున్న వైద్యుడిదీ.